విరాటపర్వమును వానయు

వానలు వెనుకబడిన యేట మన పల్లెలలో పిల్లలు కప్పను రోకలికి గట్టి, వేపమండలు చుట్టి, ఇంటింట నీళ్లు పోయించుకొందురు. పెద్దలు గుడిలో విరాటపర్వము చదివింతురు. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అను మెట్టపంటల పరిశోధన సంస్థవారు కురిసిన వానను మిల్లీమీటర్లలో గణించి వ్రాసికొందురు. విశ్వాసము, కావ్యము, శాస్త్రము అను మూడును ఒకే మేఘమువంక చూచుచున్నవి. వీనిలో దేనిపని యేదియో విచారించుట యావశ్యకమని మాకు తోచినది.

మొదట పారాయణమును విమర్శింతము. పదమూడవ శతాబ్దిలో తిక్కన సోమయాజి తన భారతాంధ్రీకరణమును విరాటపర్వముతోనే ఆరంభించెను. అది చదివిన వాన కురియునను నమ్మకమున కాధారమేమి? పాండవుల యునికిని వెదకు ప్రసంగమున, ధర్మరాజు నివసించు దేశమున మేఘములు సకాలమున వర్షించునని భీష్ముడు చెప్పిన ఘట్ట మందు కలదు. నమ్మకమునకు మూల మిదియే కావచ్చును. ధర్మమున్నచోట వానయుండునని కవి చెప్పగా, పుస్తకమున్నచోట వానయుండునని జనులు గ్రహించిరి. ధర్మమును ఆచరించుట కష్టము, పుస్తకమును చదివించుట సులభము గదా! పారాయణమునకు చందాలిచ్చి, చెరువు పూడిక తీయుటకు మాత్రము ఒక్క గంపయైన నెత్తని గ్రామమునకు ఆ పర్వము వలన కలిగిన మేలేమి?

ఇక చదువుకొన్న మనవారి పొరపాటు వేఱొకటి. వాయువులోని నీటియావిరి చల్లబడి, సూక్ష్మమైన ధూళికణములపై బిందువులుగా నేర్పడుటయే మేఘమని పాఠశాలలో నేర్చినంతనే, కావ్యమెల్ల అసత్యమని త్రోసివేయుదురు. ఇదియు తొందరపాటే. మేఘసందేశమున కాళిదాసు, మేఘము ప్రాణములేని పదార్థముల కలయికయనియు, సందేశము మోయవలసినవాడు ప్రాణియే యనియు మొదటనే ఒప్పుకొనినాడు. విరహార్తుడైన యక్షునకు ఆ తారతమ్యము తోచలేదని మాత్రమే ఆయన చెప్పినది. ఆ కావ్యమునకు సంజీవని యను వ్యాఖ్య వ్రాసిన మల్లినాథసూరి మన పొరుగున మెదకు జిల్లాలోని కొల్చారమువాడు. కావ్యమును ఎట్లు చదువవలయునో నేర్పిన పండితుడు మన ప్రాంతమువాడే యైయుండగా, మనము కవి మేఘమును గుఱించి చెప్పినదానిని విని, హృదయమును గుఱించి చెప్పినదానిని విననొల్లము.

శాస్త్రము చేయు నుపకారమును తక్కువ చేయుట మా తాత్పర్యము కాదు. 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పంటలపై పరిశోధన సలుపుచు, నల్లరేగడి నేలలో వెడల్పైన మడులును వాని నడుమ కాలువలును తీసి, పడిన వాన నేలలో నింకునట్లును, మిగిలిన నీరు గుంటకు చేరునట్లును చేయు విధానమును ప్రయోగించి చూపెను. అల్పవర్షమున రైతును కాపాడునది ఇట్టి విద్యయే. దీని స్థానమున పారాయణమును నిలుపుట ఈశ్వరభక్తి కాదు. ఈశ్వరుడిచ్చిన బుద్ధిని తిరస్కరించుటయే.

అయినను శాస్త్రమొక్కటియే చాలునా? అదే పటాన్‌చెరు చెంత నక్కవాగు ప్రవహించి మంజీరలో కలియుచున్నది. పటాన్‌చెరు, బొల్లారము పారిశ్రామికవాడల వ్యర్థజలములు ఆ వాగును చెఱచుటచే, 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలైనది. వాన కురియకపోవుట యిచ్చటి యాపద కాదు. కురిసిన నీటిని మనుష్యులే విషము చేయుట. రసాయన శాస్త్రము తెలియక ఈ పని జరుగలేదు; తెలిసియే జరిగెను. నీటిలో విషమెంత కలదో శాస్త్రము తూచి చెప్పగలదు. ఆ నీటిగట్టున బ్రదుకువాడు మనవాడే యను నెఱుకను తూనిక యియ్యజాలదు. న్యాయవాదులమైన మేము ఇట్టి వ్యాజ్యములలో అంకెలకు కొదువ యుండుట చూడలేదు. ఆ యెఱుకకే కొదువ.

ఆ యెఱుకను కలిగించుట కవిత్వము పని. ధర్మమున్నచోట నీరు చల్లగా నుండునను కవివాక్యము వాతావరణసూత్రముగా అసత్యమే. నక్కవాగు గట్టున నిలిచి చూచినచో అందలి సత్యము తెలియును. కవిత్వము విశ్వాసమునకు మంత్రము గాదు, శాస్త్రమునకు సాక్ష్యమును గాదు. విశ్వాసమునకు ధర్మమును, శాస్త్రమునకు మనుష్యుని జ్ఞప్తిచేయు మిత్రము.

కావున, సోదరులారా, కరవుయేట విరాటపర్వమును మానవలదు, అర్థముతో చదువుదము. చదివిన మఱునాడు చెరువు పూడిక తీయుటకు పోవుదము. వర్షమానమును చూచి పంట నిర్ణయింతము. మన వాగును చెఱచినవాడెవడని నిర్భయముగా నడుగుదము. ఈ మూడు పనులును చేసిన గ్రామమే ఆ పర్వమును నిజముగా పారాయణము చేసినదని మా నమ్మకము.