దీపము చుట్టు మూగు పురుగులు

గిలకలదిండి, బందరు ప్రాంతముల యిండ్లలో వానకాలపు సందెవేళ దీపము చుట్టు మూగునవన్నియు దోమలు కావు. దోమవలె నుండియు పొడవైన తొండము లేని పురుగు కుట్టదు. దాని పిల్ల చెరువుల బురదలో పెరుగును. ఉసిళ్లును కుట్టవు, కాని యవి గోడనుండియే వెడలినచో దూలములకు చెదపట్టినదేమో చూడవలెను. తూనీగ దోమలను తినును. పిల్లలు దాని తోకకు దారము కట్టుట మాకు నచ్చదు.

రైతు ముఖ్యముగా గుర్తింపవలసినది పచ్చదీపపు పురుగు. వడ్లగింజలో సగముండును, ఆకుపచ్చనిది, మగదాని రెక్కల చివరలు నల్లన. ఇది మన రక్తము త్రాగదు, వరి రసమును పీల్చును. టుంగ్రో తెగులును మొక్కనుండి మొక్కకు చేర్చును. కావున నింట మందు చల్లుటకంటె మరునాటి యుదయమున చేలోనికి పోయి దుబ్బులను తట్టి చూచుట మేలని మా యభిప్రాయము. ఆకులు నారింజరంగు తిరిగి గిడసబారిన దుబ్బులను వెంటనే పెరికివేయవలెను.