కోతి, మందు, తిండి ధ్యాస

సూరత్ వైపు ఒక సామెత ఉంది: భోజనం చేస్తే సూరత్‌లో చేయాలి, ప్రాణం విడిస్తే కాశీలో విడవాలి అని. పల్సానాకి బదిలీ మీద వచ్చిన వాళ్ళకి మొదటి వారంలోనే శాఖలో ఎవరో ఒకరు దీన్ని వినిపిస్తారు. వినిపించి ఊరుకోరు, ఒక ప్లేటు లోచో చేతిలో పెడతారు. చలికాలంలో పొంక్ వస్తుంది. మన ఊచబియ్యం లాంటి లేత జొన్న గింజలు, సేవ్ కలిపి తింటారు. శరత్పూర్ణిమ మర్నాడు, చందీ పడ్వో రోజున, ఇంటింటా నేతి ఘారీలే. తిండిని ఇంత ప్రేమించే చోట కూర్చుని తిండి ధ్యాస గురించి రాయడం కాస్త తమాషాగానే ఉంది. కానీ సూరత్ వాళ్ళు పదిమందితో కలిసి, నవ్వుతూ తింటారు. నేను రాయబోయేది తలుపు వేసుకుని ఒంటరిగా తినే తిండి గురించి, తిననప్పుడు కూడా తలలో తిరుగుతూనే ఉండే తిండి గురించి.

పల్సానా జాతీయ రహదారి పక్కన ఉన్న తాలూకా కేంద్రం. చుట్టూ బట్టలకు రంగులద్దే మిల్లులు, ప్రింటింగ్ మిల్లులు. సూరత్ నగరంలో తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు చాలా ఏళ్ళుగా ఉన్నాయి కాబట్టి అక్కడ తెలుగు వినపడుతుంది. ఇక్కడ మాత్రం మన మాట వినపడితే వెనక్కి తిరిగి చూస్తాం. అలా తిరిగి చూడటం వల్లే మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకమ్మాయి నాకు పరిచయమైంది. ఆమె భర్త కూడా బ్యాంకు ఉద్యోగే. తన సంగతి రాయడానికి తనే ఒప్పుకుంది. పేరూ సొంత ఊరూ రాయను.

మొదట్లో మేడం అనేది, తర్వాత అక్కా అంది. ఒక ఆదివారం మా వంటింట్లో నిలబడి చెప్పింది. "నవ్వొద్దు అక్కా. పొద్దుగాల లేచినప్పటి నుంచి తిండి మీదనే మనసు. చాయ్ తాగుతుంటే మధ్యాహ్నం ఏం తినాల్నో, అన్నం తింటుంటే సాయంత్రం ఏం తినాల్నో. తినేటప్పుడు ఆగుదామంటే ఆగదు. తిన్నంక ఏడుపొస్తది."

"మీ ఆయనకి తెలుసా?"

"తెల్వదు. ఖాళీ కవర్లు వేరే సంచిల కట్టి పెడత. చెత్త బండి వస్తే నేనే పోయి వేసొస్త."

నాకు నవ్వు రాలేదు. ఆ సంచి మాట విన్నాక అస్సలు రాలేదు. ఒక మనిషి సొంత ఇంట్లో దొంగలా బతుకుతోందంటే అది జిహ్వచాపల్యం కాదు, తిండిపోతుతనం అంతకన్నా కాదు. మన భాషలో దీనికి తిట్లు చాలా ఉన్నాయి, యావ, కక్కుర్తి, ఇంకా ఎన్నో. ఆ అమ్మాయి వాటన్నిటినీ రోజూ తనకి తానే వేసుకుంటోంది.

నేను డాక్టర్ని కాను. అందుకే ముందు సూరత్‌లో ఒక వైద్యురాలికి చూపించమన్నాను. థైరాయిడ్, షుగర్, రక్తహీనత పరీక్షలు జరిగాయి. కాస్త రక్తహీనత తప్ప ఇంకేమీ లేదు. ఆ తర్వాత నా ఎంబీఏ చదువు ఒక్క విషయంలో పనికొచ్చింది. ఏదైనా తేడా వస్తే తప్పు ఎవరిదని అడిగే ముందు అది ఎక్కడ మొదలైందో రాసి చూడాలని అక్కడ నేర్పారు. క్యాష్ టాలీ కానప్పుడు మనం చేసేదీ అదే కదా, క్యాషియర్ని తిడితే లెక్క కలవదు, వోచర్లు తిరగేయాలి. ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసి ఇచ్చాను: ఎన్ని గంటలకి, ఏం తిన్నాను, అంతకు ముందు చివరిసారి తిని ఎంతసేపయింది, ఆ ముందు గంటలో ఏం జరిగింది. తిన్న వెంటనే రాయాలి, రాత్రికి గుర్తు తెచ్చుకుని కాదు. బరువు గడి పెట్టలేదు. కేలరీల గడి అసలే వద్దన్నాను.

రెండు వారాల తర్వాత పుస్తకం తెచ్చింది. అదుపు తప్పిన రోజులన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. పొద్దున టిఫిన్ లేదు, చాయ్ మాత్రమే. మధ్యాహ్నం రెండు పుల్కాలు. సోమవారం, శనివారం ఉపవాసం. పెళ్ళయ్యాక బరువు పెరిగిందని ఎవరో అన్నారట, అప్పటి నుంచి నోరు కట్టుకుంది. సాయంత్రం నాలుగు దాటేసరికి కట్టిన నోరు తెగిపోయేది. ఆమె దృష్టిలో నాలుగు గంటలకి తినడం జబ్బు, పొద్దున తినకపోవడం దానికి మందు. పుస్తకం చూస్తే తిరగేసి ఉంది.

ఇది ఆమె ఒక్కదాని కథ కాదని చెప్పడానికి పాత ప్రయోగం ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద చేసింది. యుద్ధంలో పోరాడబోమని చెప్పి, దానికి బదులు ఈ ప్రయోగానికి ఇష్టపడి వచ్చినవాళ్ళు వాళ్ళు. 24 వారాల పాటు వాళ్ళకి రోజుకి సుమారు 1,570 కేలరీల తిండి పెట్టారు. వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. కొద్ది వారాల్లో వాళ్ళకి తిండి తప్ప మరో మాట లేకుండా పోయింది. వంటల పుస్తకాలు కొని దాచుకున్నారు. పళ్ళెంలో ఉన్నదాన్ని గంటల తరబడి కొంచెం కొంచెంగా నములుతూ కూర్చున్నారు. చదువు మీద, స్నేహితుల మీద, చివరికి ప్రేమ మీద కూడా ఆసక్తి పోయింది. ప్రయోగం ముగిసి తిండి పెట్టాక కొందరు ఎంత తిన్నా ఇంకా ఆకలే అన్నారు. అంతకు ముందు వాళ్ళెవరూ తిండిపోతులు కారు. కావలసినంత పెట్టకపోతే మెదడు తిండినే కలవరిస్తుంది. పూర్తిగా మాడ్చనక్కర్లేదు, చాలీచాలకుండా పెడితే చాలు. ఆ 1,570 అన్న అంకెను ఈరోజుల్లో వాట్సాప్‌లో తిరిగే డైట్ చార్టుల పక్కన పెట్టి చూడండి.

ఆకలికి గడియారం కూడా ఉంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా కనిపెట్టిన ఘ్రెలిన్ అనే హార్మోన్ కడుపులో తయారై మెదడుకి ఆకలి కబురు పంపుతుంది. మనం రోజూ తినే వేళకి కాస్త ముందే అది పెరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. నెలల తరబడి సాయంత్రం నాలుగింటికి చిప్స్ తింటే, ఆ వేళకి కడుపు తనంతట తనే గంట కొడుతుంది. నిద్ర తగ్గితే ఇంకా కష్టం. షికాగో విశ్వవిద్యాలయంలో 2004లో 12 మంది యువకులని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. ఎక్కువసేపు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది, చాలు అని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. మార్చి నెలాఖరులో మన శాఖల్లో సమోసాలు ఎందుకు అంత వేగంగా ఖాళీ అవుతాయో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

మరి ధ్యాసని బలవంతంగా ఆపేస్తే? మన పెద్దలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కోతిని తలచుకోకుండా మందు తాగమన్నాడట వైద్యుడు, పాపం రోగికి గ్లాసు ఎత్తినప్పుడల్లా కోతే. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త కోతి బదులు తెల్ల ఎలుగుబంటిని పెట్టి ఇదే పరీక్ష చేశాడు. దాన్ని తలచుకోవద్దన్న వాళ్ళు తలచుకుంటూనే ఉన్నారు. పైగా తర్వాత తలచుకోవచ్చని చెప్పగానే, మొదటి నుంచీ తలచుకున్న వాళ్ళకంటే ఎక్కువగా తలచుకున్నారు. "ఇవాళ స్వీటు ముట్టను" అని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్న మనిషి రోజంతా స్వీటుతోనే కాపురం చేస్తుంది.

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే మానసిక వైద్యుడు ఇలాంటి అతి తిండి బాధకి చికిత్సా పద్ధతి ఒకటి తయారుచేశాడు. అందులో నాకు నచ్చింది వరస. మొదట ఆపమని చెప్పదు, మొదట వేళకి తినమంటుంది. రోజుకి మూడు పూటల భోజనం, రెండు మూడు చిన్న ఫలహారాలు, మధ్యలో నాలుగు గంటలకు మించి ఎడం ఉండకూడదు. ఆకలి ఉన్నా లేకపోయినా, నిన్న ఎంత తిన్నా సరే, ఇవాళ పొద్దున టిఫిన్ మానకూడదు. నిన్నటి అప్పు ఇవాళ తీర్చేద్దామని చూడటమే మళ్ళీ సాయంత్రం కొత్త అప్పు చేయిస్తుంది.

మా అమ్మాయి దీనికి ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. "తింటే ఇంకా లావైత కద అక్కా" అని అడిగింది. రెండు వారాలు చూద్దామన్నాను. పొద్దున రెండు ఇడ్లీలు, పప్పు ఎక్కువగా ఉన్న చట్నీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు, అన్నీ కంచంలో ఒకేసారి వడ్డించుకుని కూర్చుని తినడం. మూడున్నరకి, గంట కొట్టకముందే, వేయించిన సెనగలూ ఒక పండూ. శనివారం ఉపవాసం దేవుడి కోసమైతే ఉండమన్నాను, బరువు కోసమైతే మానమన్నాను. ఆలోచించి, సోమవారం ఉపవాసం మానేసింది. మూడో వారానికి చెప్పిన మాట ఇది: "ధ్యాస పోలే అక్కా. కానీ సప్పుడు తగ్గింది."

మిగిలిన చప్పుడు ఆకలిది కాదు. పుస్తకంలో నాలుగో గడి చూస్తే తెలిసింది. పుట్టింటి నుంచి ఫోను వచ్చిన రోజులు, భర్త తొమ్మిదింటికి ఫోన్ చేసి ఇంకా డే ఎండ్ కాలేదన్న రోజులు, పక్కింటివాళ్ళు గుజరాతీలో ఏదో అని నవ్వితే తననే అనుకున్న రోజులు. ఇది నిజమైన ఆకలా, మనసు ఆకలా అని ముందు తేల్చుకోమంటారు చాలామంది. నాకు ఆ సలహా మీద పెద్దగా నమ్మకం లేదు. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి, పైగా ఆ ప్రశ్నకి జవాబు మనసు ఆకలి అయితే తినడం నేరమని అర్థం వస్తుంది. అమ్మ గుర్తొచ్చి ముద్దపప్పు, ఆవకాయ కలుపుకుని తినడం నేరమా? దిగులుకి మన దగ్గర తిండి తప్ప వేరే జవాబు లేకపోవడమే చిక్కు.

కోరిక పుట్టిన ఆ పది నిమిషాలకి పనికొచ్చే చిట్కా ఒకటి ఉంది. కోరిక అనేది చాలావరకు తలలో బొమ్మ కట్టడమని, ఆ తినుబండారం రంగు, వాసన, కరకర శబ్దం మనసులో గీసుకుంటూ పోతేనే అది పెరుగుతుందని ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంటారు. 2014లో వాళ్ళు మూడు నిమిషాలు టెట్రిస్ అనే ముక్కలు పేర్చే ఆట ఆడిస్తే కోరిక బలం తగ్గింది. కళ్ళూ ఊహా ఆ పనిలో పడితే బొమ్మ కట్టడానికి చోటుండదు. టెట్రిస్ మాటకేం గానీ, మా అమ్మాయి చుక్కల ముగ్గు మొదలెట్టింది. నోటు పుస్తకం వెనక పేజీల్లో, పదిహేను చుక్కలవి. ముగ్గు మీద పరిశోధన ఉందని నేను చెప్పడం లేదు, ఆమెకి పనిచేసిందని మాత్రం చెప్తున్నాను. ముగ్గు పూర్తయ్యాక కూడా తినాలనిపిస్తే తినమన్నాను, కానీ కంచంలో పెట్టుకుని, కవరులో నుంచి కాదు.

దిగులుకి మాత్రం ముగ్గు చాలలేదు. కింద కూరగాయల బండి ఆమె దగ్గర గుజరాతీ నేర్చుకుంటోంది. అంకెలతో మొదలైంది, ఇప్పుడు బేరమాడుతుంది. ఒక సాయంత్రం భర్తకి పుస్తకం చూపించింది. అతను కోప్పడలేదు, మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, "నాకు చెప్పొచ్చు కదా" అన్నాడట. ఇప్పటికీ నెలకి రెండు మూడు రోజులు అదుపు తప్పుతుంది. సంచి మాత్రం కట్టడం లేదు.

ఇంట్లో ఇలాంటి వాళ్ళు ఉన్నవాళ్ళకి ఒక మాట. "మళ్ళీ తింటున్నావా?" అన్న ప్రశ్న తిండిని ఆపదు, చాటుకి పంపుతుంది. డబ్బాలు దాచినా అంతే. బంధువుల ముందు బరువు మీద జోకులు వేయకండి, ముఖ్యంగా పదో తరగతి, ఇంటర్ పిల్లల మీద. ఏడుస్తున్న పిల్లాడికి చాక్లెట్ ఇచ్చి నోరు మూయించడం సులువే, దిగులుకి చాక్లెట్ మందని వాడు నేర్చుకునేదీ అప్పుడే. ఇంట్లో ప్యాకెట్ల తిండి తక్కువగా ఉంచడం వేరే సంగతి, అది అందరికీ మంచిదే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 2019లో కెవిన్ హాల్ 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా తిండి పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నాడు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో వాళ్ళు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఇలాంటి తిండి తగ్గించమనే చెబుతున్నాయి.

ఈమధ్య ఆకలి తగ్గించే ఇంజెక్షన్ల గురించి శాఖల్లో కూడా అడుగుతున్నారు. 2025లో మన దేశంలో మౌంజారో, వెగోవీ పేర్లతో వచ్చాయి. తిండి ధ్యాస తగ్గిందని వాడినవాళ్ళు చాలామంది చెబుతున్నారు. అవి డాక్టరు చూసి రాయాల్సిన మందులు, పక్క కౌంటర్ వాళ్ళ మాట మీద కొనేవి కావు.

వారానికి ఒకసారైనా, మూడు నెలలుగా, ఆపుకోలేక చాలా ఎక్కువ తినడం, కడుపు నొప్పెట్టేదాకా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత తన మీద తనకే అసహ్యం కలగడం జరుగుతుంటే దాన్ని జబ్బుగానే లెక్కపెట్టాలి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని విడి జబ్బుగా గుర్తించింది. మాటల చికిత్సతో చాలామందికి నయమవుతుంది. తిన్నది కావాలని కక్కేయడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా మానసిక వైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళండి. ఎవరిని అడగాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఫోను కలిశాక భాష ఎంచుకోవచ్చు, అందులో తెలుగు కూడా ఉంది.