వరోవా నల్లికి మగ గదుల ఎర

ప్రశ్న: మా ఇటాలియన్ తేనెటీగల పెట్టెల్లో ఎర్రటి నల్లులు కనిపిస్తున్నాయి. రసాయన మందులు లేకుండా వదిలించుకోవచ్చా?

జవాబు: అవి వరోవా నల్లులు. పూర్తిగా పోవు గానీ అదుపులో ఉంచొచ్చు. ముందు లెక్క చూడండి. రాణి లేకుండా చూసుకుని, సుమారు 300 ఈగల్ని జాలీ మూత సీసాలో చక్కెర పొడితో దొర్లించి దులపండి. 9కి మించి నల్లులు రాలితే ఆలస్యం చేయొద్దు.

ఈ నల్లికి మగ ఈగల గదులంటే మహా ఇష్టం. అక్కడ పిల్ల ఎదగడానికి ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి నల్లి సంతానమూ పెరుగుతుంది. అందుకే మగ గదుల ఫ్రేము ఒకటి పెట్టి, గదులు మూతపడగానే తీసి ఫ్రీజర్‌లో పెట్టండి. తీయడం మరిచారో, నల్లుల్ని మీరే పెంచినట్టు! రాణిని మూడు వారాలు పంజరంలో ఉంచి గుడ్లు ఆపించడమూ పనిచేస్తుంది. ఉత్త చక్కెర చల్లడం మీద నాకు నమ్మకం తక్కువ. ఫార్మిక్ ఆమ్లం సహజమైనదే అయినా, మన ఎండల్లో రాణి ప్రాణానికే ముప్పు.