పొడి డబ్బా కొనేముందు: జొన్నాడ పెద్దవాళ్ల ప్రశ్నలు, చట్టం చెప్పే జవాబులు

అశ్వగంధ, పసుపు సారం, మునగాకు పొడి, సోయా ప్రొటీన్ లాంటి మొక్కల సప్లిమెంట్లు జొన్నాడ లాంటి కోనసీమ పల్లెల్లో ఇంటి గుమ్మం దాకా వస్తున్నాయి. "ముసలితనంలోనూ కాళ్లలో సత్తువ తగ్గదు" అన్నది అమ్మేవాళ్ల మాట. ఒక్కో డబ్బా వేలల్లో ఉంటుంది. ఎన్టీఆర్ భరోసా పథకం కింద నెలకు రూ.4,000 పింఛను మీద బతికే ఇంట్లో అది మందుల డబ్బుకో పప్పు డబ్బుకో ఎసరు పెడుతుంది. కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఏ నిబంధనలు మీ పక్షాన ఉన్నాయో తెలుసుకుని కొనండి.

పొడి వేసుకుంటే చాలదా? ఈ వయసులో వ్యాయామం ఎందుకు?

చాలదు. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మరియా ఫియాటరోన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. వృద్ధాశ్రమంలో ఉంటున్న 100 మంది అందులో పాల్గొన్నారు, వాళ్ల సగటు వయసు 87. పది వారాల పాటు కొందరి చేత కాళ్లకు బలమిచ్చే వ్యాయామం చేయించారు, కొందరికి సోయా ప్రొటీన్ కలిపిన పానీయం ఇచ్చారు, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. వ్యాయామం చేసినవాళ్ల కండరాల బలం రెట్టింపు దాటింది. నడక వేగమూ, మెట్లెక్కే శక్తీ పెరిగాయి. ఒట్టి పానీయం తాగినవాళ్లకు ఆ బలం రాలేదు. 87 ఏళ్లకు కండరాల బలం పెరుగుతుందంటే మన ఊళ్లో 65 ఏళ్లకే మంచానికి అతుక్కుపోవాల్సిన పని ఏముంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది: 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చెయ్యాలి. రెండు రోజులు కండరాలకు, మూడు రోజులు తూలి పడకుండా నిలదొక్కుకోవడానికి వ్యాయామం ఉండాలి. గోదావరి పాయ గౌతమి ఏటిగట్టు మీద పొద్దున్న నడక మొదటిదానికి సరిపోతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పది సార్లు లేచి కూర్చోవడం రెండోది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం మూడోది. ఊరి దగ్గరి హైవే వంతెన మీద మాత్రం నడవకండి. గుండె జబ్బు ఉన్నవాళ్లూ, ఈమధ్య పడిపోయినవాళ్లూ ముందు డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టాలి.

మరి ప్రొటీన్ మాటేమిటి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండ కోసం ప్రొటీన్ పొడులు వద్దని చెప్పింది. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. అన్నం ఎక్కువ, పప్పు తక్కువ తినే పెద్దవాళ్లకు ఇది తగ్గిపోయే మాట నిజమే. పెసలు, మినుములు, సెనగలు, పాలు, తినేవాళ్లయితే గుడ్డు, చేప దాన్ని పూడుస్తాయి. కిడ్నీ జబ్బు ఉంటే ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

డబ్బా మీద ఏం చూడాలి?

అది ఆహారమా, మందా అన్నది ముందు తేల్చుకోండి. ఆహార సప్లిమెంటయితే ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చిన 14 అంకెల లైసెన్స్ నంబరు ఉండాలి. రోజుకు ఎంత వాడాలో, ఆ మోతాదు మించకూడదనీ, మందుగా వాడేది కాదనీ రాసి ఉండాలి. ఆయుర్వేద మందయితే 1940 నాటి ఔషధ చట్టం కింద తయారీ లైసెన్స్ నంబరు కనిపించాలి. రెండూ లేని పొట్లాన్ని ఎంత నమ్మకస్తుడు ఇచ్చినా తీసుకోకండి.

"సుగరు మాత్రలు మానెయ్యొచ్చు" అంటున్నారు. అలా చెప్పొచ్చా?

చెప్పకూడదు. ఆహార సప్లిమెంటు జబ్బు నయం చేస్తుందని ప్రకటించడమే నేరం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ కింద రూ.10 లక్షల దాకా జరిమానా ఉంది. మధుమేహం, రక్తపోటు, పక్షవాతం, గుండె జబ్బులను తగ్గిస్తుందని మందుకు ప్రచారం చెయ్యడాన్ని 1954 నాటి ఔషధాలు, మాయ వైద్యాల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం నిషేధించింది. మాత్రలు ఆపమని చెప్పే హక్కు పొడి అమ్మేవాళ్లకు లేదు.

మా మేనకోడలే అమ్ముతోంది. కాదనలేకపోతున్నాను.

చుట్టరికంతో నిబంధన మారదు. 2021 డైరెక్ట్ సెల్లింగ్ నియమాల ప్రకారం గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా మీ అనుమతి తీసుకోకుండా ఇంటికి వచ్చి అమ్మకూడదు. ధర, వాపసు షరతులు ముందే చెప్పాలి. సభ్యత్వ రుసుము అడగకూడదు. మనుషుల్ని చేర్పిస్తే డబ్బు వస్తుందనే గొలుసు పథకం నిషిద్ధం. బిల్లు అడగండి. "మా డాక్టరు చూసి చెప్పాక కొంటానమ్మా" అంటే మర్యాదా పోదు, డబ్బూ పోదు.

రోజూ వేసుకునే మాత్రలతో కలిపి వాడొచ్చా?

అడగకుండా వద్దు. అశ్వగంధ థైరాయిడ్, సుగరు, నిద్ర మాత్రల పనిని మార్చగలదు. గాఢమైన పసుపు సారం రక్తం పలచబరిచే మందులతో పడదు. కూరలో వేసే పసుపుకు ఈ భయం లేదు. అశ్వగంధ, పసుపు సారం రెండింటి వల్లా కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి.

కీళ్ల నొప్పుల పొడి రెండు రోజుల్లోనే నొప్పిని మాయం చేస్తే అనుమానించాలి. సహజమైనదని అమ్మిన ఒక కీళ్ల సప్లిమెంటులో లేబుల్ మీద లేని డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ దొరికిందని 2022లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) హెచ్చరించింది. అలాంటిది చాలాకాలం వాడి ఉంటే హఠాత్తుగా మానడమూ ప్రమాదమే. డబ్బాతో సహా డాక్టరు దగ్గరకు వెళ్లండి.

వైద్యం ఖర్చు పిల్లలు చూడకపోతే?

2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, నీడతో పాటు వైద్యం కూడా. ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో పెద్దవాళ్లకు వేరే వరుస ఉండాలన్నదీ ఆ చట్టమే. సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

మోసపోతే ఎక్కడికి వెళ్లాలి?

ముందు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యండి. తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, మీరు నివసించే చోటికి సంబంధించిన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వెయ్యొచ్చు. వస్తువుకు కట్టింది రూ.5 లక్షల లోపయితే రుసుము లేదు. పొడి వికటిస్తే 1800-180-3024కు చెప్పండి, అది మందుల దుష్ఫలితాలు నమోదు చేసే నంబరు. పొడిలో ఏముందో పరీక్ష చేయించే హక్కు ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కొన్నవాళ్లకు ఇచ్చింది. రుసుము కట్టాలి, కల్తీ తేలితే అది తిరిగి వస్తుంది. అయితే పరీక్షకు పంపుతానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పి ఉండాలి.