జేబు టార్చి కొనేముందు: సెల్లు నుంచి స్విచ్చి దాకా

ఫోనులో లైటు ఉండగా మళ్లీ టార్చి దేనికని చాలామంది అడుగుతారు. ఫోను లైటుకు ఫోకసు ఉండదు, కాస్త దూరం పోతే ఏదీ సరిగ్గా కనిపించదు. వానలో బయటికి తీయాలంటే భయం. ఒక చేత్తో ఫోను పట్టుకుని ఫ్యూజు సరిచేయడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు లేని రాత్రి ఫోనులో ఛార్జింగు మాట్లాడుకోవడానికి మిగలాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక ఎన్నో కాలనీలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం పల్లెలదీ అదే అవస్థ. అలాంటి రాత్రుల్లోనే కాదు, మామూలు రోజుల్లో కూడా మెట్ల మీద, గట్ల మీద, మంచం పక్కన పనికొచ్చే ఒక చిన్న ఎల్ఈడీ టార్చి ఇంట్లో వయసొచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. అది ఎలాంటిదై ఉండాలో చూద్దాం.

1. ఎక్కడ వాడతారో ముందు తేల్చుకోండి. ఇంట్లో, అపార్టుమెంటు మెట్ల మీద 50 నుంచి 100 ల్యూమెన్లు (మొత్తం వెలుగును కొలిచే కొలత) ధారాళంగా సరిపోతాయి. చీకటి వీధి, పొలం బాట అయితే 200–300 కావాలి. చెరువు అవతలి గట్టు చూడాలంటే అది జేబు టార్చి పని కాదు, దానికి పెద్ద లైటు వేరే కొనుక్కోవాలి. ఒకే టార్చితో అన్ని పనులూ చేయాలనుకునేవాళ్లు మోయలేనంత బరువైనది కొని, దాన్ని అలమారాలో పెట్టేస్తారు. వెంట లేని టార్చి ఎంత గొప్పదైనా లేనట్టే.

2. టార్చి కన్నా ముందు సెల్లు ఎంచుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇదే. టార్చి పొడవు, బరువు, ఎంతసేపు వెలుగుతుంది, పదేళ్ల తరువాత పనిచేస్తుందా లేదా అన్నవన్నీ సెల్లును బట్టే ఉంటాయి.

గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు, అంటే డబుల్-ఏ, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. పల్లెలో ఉండేవాళ్లకు, ఊళ్లు తిరిగేవాళ్లకు ఇంతకన్నా నమ్మకమైనది లేదు. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లు టార్చి ఇంకా చిన్నది, తాళాల గుత్తికి తగిలించవచ్చు, కానీ అందులో శక్తి సగం కూడా ఉండదు. 18650 అనే లిథియం సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పెన్సిల్ సెల్లుకు నాలుగింతల శక్తి దీనిది. పొలం వెళ్లేవాళ్లకు, రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకు ఇది సరైనది. దీనికన్నా పెద్దదైన 21700 జేబుకు కాస్త బరువే.

14500 అని ఇంకొకటి ఉంది. చూడటానికి అచ్చం పెన్సిల్ సెల్లే, కానీ పెన్సిల్ సెల్లు 1.5 వోల్టులైతే ఇది 3.7 వోల్టులు. రెండూ వేయవచ్చని టార్చి మీద స్పష్టంగా రాసి ఉంటేనే వేయాలి, లేదంటే లోపలి సర్క్యూటు కాలిపోవచ్చు.

సెల్లు బయటికి తీయడానికి వీల్లేని టార్చి కొనకండి. మూడు నాలుగేళ్లకు సెల్లు నీరసించాక టార్చి మొత్తం పారేయాల్సి వస్తుంది. గోడకు గుచ్చి ఛార్జి చేసే పాత ప్లాస్టిక్ లైట్లు మన ఇళ్లలో ఏడాది తిరిగేసరికి మూలపడటానికి కారణం చాలావరకు ఇదే. వాటిలో చాలావాటి లోపల సీసం బ్యాటరీ ఉండేది. పూర్తిగా దిగిపోయాక అలాగే వదిలేస్తే అది మళ్లీ లేవదు, మార్చడానికీ కుదరదు.

3. డబ్బా మీది అంకెను లెక్క వేసి చూడండి. బొటనవేలంత టార్చికి పదివేల ల్యూమెన్లని రాసి అమ్ముతున్నారు. నిజమో కాదో కాగితం మీదే తేల్చవచ్చు. మూడువేల మిల్లీయాంప్ అవర్ల 18650 సెల్లులో సుమారు 11 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. మంచి టార్చి ఒక వాట్‌కు దాదాపు 100 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే ఆ సెల్లు నుంచి 100 ల్యూమెన్ల వెలుగు పది, పదకొండు గంటలు, 500 అయితే రెండు గంటలు వస్తుంది. రీఛార్జి చేసుకునే మామూలు పెన్సిల్ సెల్లులో ఉండేది దాదాపు రెండున్నర వాట్-అవర్లే, కాబట్టి 100 ల్యూమెన్లతో రెండు గంటల పైచిలుకు. ఈ లెక్కకు మరీ మించి ఎవరు చెప్పినా నమ్మవద్దు.

సెల్లులోనూ ఇదే మోసం. పేరున్న 18650 సెల్లులు చాలావరకు 2500 నుంచి 3600 మిల్లీయాంప్ అవర్ల మధ్య ఉంటాయి. 9900 అని రాసి ఉంటే అది ఖాయంగా బూటకం. అసలైనది 45–50 గ్రాములు తూగుతుంది, నకిలీ చాలాసార్లు అందులో మూడింట రెండొంతులే తూగుతుంది. కొట్టులో తూకం మీద పెట్టించి చూడండి.

ఇంకో సంగతి. 100 ల్యూమెన్లకు 200 ల్యూమెన్లు రెట్టింపే అయినా, కంటికి రెట్టింపుగా తోచదు. రెట్టింపు వెలుగనిపించాలంటే దాదాపు నాలుగింతలు కావాలి. అందుకే 800కూ 1000కీ తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. పైగా అంత చిన్న ఒంట్లో వేయి ల్యూమెన్లు వెలిగిస్తే ఒకటి రెండు నిమిషాల్లో చేతికి చుర్రుమంటుంది, టార్చి తనంతట తనే వెలుగు తగ్గించుకుంటుంది. అది లోపం కాదు, ఎల్ఈడీని కాపాడుకోవడం. ఎంత ఎక్కువ వెలుగుతుందన్నది కాకుండా, ఆగకుండా ఎంత వెలుగు ఇవ్వగలదన్నది అడగండి.

4. ఎంత దూరం పడుతుందో చెప్పేది కాండెలా. అమెరికాలో తయారై ప్రపంచమంతా వాడుతున్న ఎఫ్‌ఎల్1 ప్రమాణం ప్రకారం కాండెలా సంఖ్యకు వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే దూరం మీటర్లలో వస్తుంది. 2500 కాండెలా అయితే 100 మీటర్లు. అయితే ఆ దూరంలో పడేది నిండు పున్నమి వెన్నెలంత వెలుగే. మనిషిని గుర్తుపట్టాలంటే అందులో సగం దూరమే లెక్కలోకి తీసుకోండి. అదే ప్రమాణంలో వెలిగే సమయాన్ని వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా లెక్కిస్తారని కూడా గుర్తుంచుకోవాలి. డబ్బా మీద ఆరు గంటలని ఉంటే ఆరు గంటలూ ఒకే తీరుగా వెలుగుతుందని కాదు. నడకకు వాడేవాళ్లకు దూరం కన్నా, చుట్టూ పరుచుకునే వెలుగే ఎక్కువ ఉపయోగం.

5. తక్కువ వెలుగు ఎంత తక్కువో చూడండి. రోజూ వాడేది అదే. అర్ధరాత్రి పసిబిడ్డ దుప్పటి సవరించడానికి, పక్కవాళ్ల నిద్ర చెడకుండా నీళ్లు తాగి రావడానికి ఒక ల్యూమెన్ చాలు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, ఒక్కసారి పెద్ద వెలుగు చూస్తే అదంతా పోతుంది. కనీస వెలుగే 100 ల్యూమెన్లున్న టార్చి ఇంట్లోకి పనికిరాదు. ఒక ల్యూమెన్ లోపు వెలుగులో మంచి టార్చి రోజుల తరబడి నిలుస్తుంది. తుపాను రాత్రి గదిలో దాన్ని తెల్లగోడ వైపు గానీ, సీలింగు వైపు గానీ తిప్పి పెడితే అందరూ తిరగవచ్చు.

6. స్విచ్చి వేలికి తెలియాలి. చీకట్లో వెతుక్కోకుండా దొరకాలి, నొక్కగానే తక్కువ వెలుగుతోనో, కిందటిసారి వాడిన వెలుగుతోనో మొదలవ్వాలి. టపటపా కొట్టుకునే వెలుగు, ఆపద సంకేతమైన ఎస్ఓఎస్ వంటివి ప్రతి నొక్కుకూ మధ్యలో వచ్చే టార్చి చిరాకు పెడుతుంది. పెద్దవాళ్లకు కొనేటప్పుడు ఒక నొక్కుకు వెలిగి, ఒక నొక్కుకు ఆరిపోయేదే తీసుకోండి. అమ్మమ్మకు ఐదు మోడ్లు అవసరం లేదు. పక్కన బటనున్నవి సంచిలో వాటంతటవే వెలిగి వేడెక్కవచ్చు, వెనక మూతను పావు చుట్టు వదులు చేసి పెట్టుకుంటే చాలా టార్చిలు ఆ పని చేయవు.

7. తెల్లటి తెలుపు అన్ని పనులకూ మంచిది కాదు. తెల్ల ఎల్ఈడీ నిజానికి నీలి ఎల్ఈడీయే, దాని మీద పసుపురంగు ఫాస్ఫర్ పూత పూస్తారు. ఆ నీలి ఎల్ఈడీకే 2014లో అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. పూతను బట్టి రంగు మారుతుంది. 6500 కెల్విన్ అంటే నీలం కలిసిన తెలుపు, 3000 అంటే పాత బల్బు పసుపు. రోజువారీ వాడకానికి 4000–5000 మధ్యది కంటికి హాయి. దానితోపాటు, రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ అనే అంకె చూడండి. 70 ఉన్న టార్చిలో ఎర్ర తీగ, గోధుమరంగు తీగ ఒకేలా కనిపించవచ్చు. 90 దాటితే గాయం రంగు, మందుబిళ్ల రంగు, ఎండుటాకుల్లో మట్టిరంగు పురుగు విడివిడిగా తెలుస్తాయి. వెలుగు కాస్త తగ్గినా నేను 90 ఉన్నదే తీసుకోమంటాను.

8. నీళ్ల సంగతి. ఐపీఎక్స్4 అంటే చినుకులకు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో అరగంట ఉన్నా నీరు దిగదు. పొలం కాలువలో జారిపడే అవకాశం ఉన్నవాళ్లకు రెండోదే కావాలి.

9. ఛార్జింగు రంధ్రం. యూఎస్‌బీ టైప్-సి ఉండటం సౌకర్యమే, కానీ చవక టార్చిల్లో కొన్ని టైప్-సి నుంచి టైప్-సి తీగతో ఛార్జి కావు, పాత వెడల్పు పిన్ను తీగతోనే అవుతాయి. రెండు తీగలతోనూ కొట్టులోనే పెట్టి చూడండి. రంధ్రం మీది రబ్బరు మూత బిగుతుగా కూర్చోవాలి.

10. జేబులో కుదురుగా ఉండాలి. సెల్లుతో కలిపి వంద గ్రాములు దాటితే చొక్కా జేబు సాగుతుంది. క్లిప్పు గట్టిగా ఉండాలి, వంగినప్పుడు జారిపడకూడదు. వెనక అయస్కాంతం ఉన్నది బండి బాగుచేసేటప్పుడు, మోటారు స్టార్టరు డబ్బా దగ్గర మూడో చెయ్యిలా పనిచేస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం దాన్ని చొక్కా జేబులో పెట్టుకోకూడదు.

11. పల్లెలో టార్చి ప్రాణరక్షణ. 2020లో వెలువడిన ఒక అధ్యయనం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే, సరిగ్గా నాట్ల కాలంలో. అర్ధరాత్రి మోటారు వేయడానికి వెళ్లే రైతు చేతిలో వెలుగు, కాళ్లకు బూట్లు రెండూ ఉండాలి.

టార్చిని భుజం ఎత్తున కాకుండా నడుము కన్నా కింద పట్టుకోండి. వెలుగు ఏటవాలుగా పడితే నేల మీది ప్రతి గడ్డకూ పొడవాటి నీడ వస్తుంది, రక్తపింజర లాంటి మట్టిరంగు పాము కూడా ఆ నీడతో ఎత్తుగా తెలుస్తుంది. నుదుటికి కట్టుకునే లైటులో ఆ నీడ కంటికి కనిపించదు, నేలంతా చదునుగా అనిపిస్తుంది. వెలుగును దూరంగా విసరకుండా మూడు, నాలుగు అడుగుల ముందుకు పడేలా ఉంచి, అప్పుడప్పుడు మాత్రం ఎత్తి చూడండి. నేల మీద పడుకునే ఇళ్లలో కట్లపాము భయం ఎక్కువ, అది ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది, నిద్రలో ఉన్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. దోమతెర లోపల, తలగడ పక్కన టార్చి ఉండాలి, వెలిగించి చూశాకే కాలు కింద పెట్టాలి.

12. కొట్టులో చూసుకోవలసినవి. తెల్లగోడ మీద వేసి చూడండి, నడుమ నల్ల మచ్చ గానీ, వలయాలు గానీ ఉండకూడదు. టార్చిని తక్కువ వెలుగులో ఉంచి ఫోను కెమెరాతో చూసినప్పుడు చారలు కదిలితే అది కొట్టుకునే వెలుగు, ఎక్కువసేపు చదివితే తలనొప్పి రావచ్చు. వెనక మూత విప్పి మరలు సాఫీగా తిరుగుతున్నాయో, రబ్బరు రింగు ఉందో చూడండి.

13. కొన్నాక చేయవలసినవి. నెలకోసారి వెలిగించి చూసి, ఛార్జి పెట్టండి. నెలల తరబడి వాడకపోతే లిథియం సెల్లును సగం ఛార్జితో ఉంచాలి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద అసలు వదలకూడదు. ఆల్కలైన్ సెల్లు వేసి మరిచిపోతే అది కారి టార్చిని తినేస్తుంది, తుపాను కోసం దాచే టార్చిలో సెల్లు వేరుగా కట్టి పెట్టండి. అప్పటికే కారి తెల్లటి పొడి పట్టి ఉంటే చేతికి తొడుగు వేసుకుని, నిమ్మరసంలో తడిపిన దూదితో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. రబ్బరు రింగుకు కొబ్బరినూనె రాయవద్దు, సిలికాన్ గ్రీజు బియ్యపుగింజంత చాలు.

14. జాగ్రత్తలు. గ్యాసు వాసన వస్తే ఇంట్లో టార్చి కూడా నొక్కకండి, ముందు తలుపులు తీసి బయటికి వెళ్లాలి. బిళ్ల సెల్లులతో పనిచేసే బొమ్మ టార్చిలు పసిపిల్లలకు ఇవ్వకండి, మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. పెద్ద వెలుగును ఎవరి కళ్లలోకీ వేయవద్దు. విమాన ప్రయాణంలో విడి లిథియం సెల్లులు చేతి సంచిలోనే, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తీసుకెళ్లాలి, లగేజీలో వేయకూడదు. జేబులో నాణేలు, తాళాలతో కలిపి విడి సెల్లు ఎప్పుడూ వేసుకోవద్దు.

15. పాత సెల్లులు చెత్తబుట్టలో వేయకండి. ఉబ్బినవి, పైతొడుగు చిరిగినవి మళ్లీ ఛార్జి పెట్టకూడదు, కొనలకు టేపు అంటించి విడిగా ఉంచండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదార్లు వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత వహించాలి. కొత్త సెల్లు కొనే కొట్టువాణ్నే పాతవి తీసుకోమని అడగండి, తీసుకోనంటే మీ ఊరి మున్సిపాలిటీ ప్రమాదకర చెత్త సేకరించే డబ్బాలో వేయండి.