త్రోయనుండి అస్సువరకు కాలినడక

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 20:7–16, లూకా 14:28–30

త్రోయలో ఆ రాత్రి జరిగిన సంగతి మన సంఘములలో అందరికిని తెలిసినదే. పౌలు అర్ధరాత్రివరకు ప్రసంగించుట, కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రలో జోగి మూడవ అంతస్తునుండి క్రిందపడుట, అతడు తిరిగి బ్రదుకుట, పౌలు మరల మేడకు ఎక్కి తెల్లవారువరకు సంభాషించుట, ఇవన్నియు సండేస్కూలు పిల్లలుకూడ చెప్పగలరు. బోధకులు ఈ భాగమును తీసికొన్నప్పుడెల్ల ఐతుకు దగ్గరనే ఆగిపోవుదురు. ప్రసంగములో కునుకుపాట్లు పడువారిని హెచ్చరించుటకు ఇంతకంటె అనువైన కథ దొరకదు గదా! కాని వెంటనే వచ్చు పదుమూడవ వచనమును మనము చదివి దాటిపోవుదుము.

ఆ వచనములో నున్నది ఒక చిన్న ప్రయాణపు ఏర్పాటు. లూకా మొదలైనవారు ఓడ ఎక్కి ముందుగా అస్సునకు పోయిరి. పౌలు మాత్రము తాను నడచివచ్చెదనని వారితో చెప్పి నేలదారిని బయలుదేరెను. ఆ దారి ఇంచుమించు 30 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పవలెనంటే, మడికొండలో బయలుదేరి స్టేషన్ ఘనపురము దాటి ఇంకను ముందుకు నడచినంత. రాత్రి అంతయు అతనికి నిద్రలేదు. ఓడ సిద్ధముగా నున్నది, అందులో స్నేహితులున్నారు, చోటును ఉన్నది. పైగా అతనికి తొందరకూడ కలదు. పెంతెకొస్తు దినమునకు యెరూషలేములో ఉండవలెనని ఎఫెసులోనైనను ఆగక పోవుచుండెనని పదునారవ వచనము తెలుపుచున్నది. అంత తొందరగలవాడు నడచెను!

అతడు ఎందుకు నడచెనో లూకా వ్రాయలేదు. కారణమును మనము కల్పింపనక్కరలేదు. కాని రెండు సంగతులు స్పష్టముగా నున్నవి. అతడు గతిలేక నడచినవాడు కాడు, తానే కోరుకొని నడచెను. అస్సు చేరిన పిమ్మట అదే ఓడ ఎక్కి మితులేనేకు పోయెను గనుక ఓడను ద్వేషించినవాడును కాడు. ఎక్కవలసినచోట ఎక్కెను, నడువదలచినచోట నడచెను. ఈ రెండు సంగతులను చేతబట్టుకొని, ఈ నెల మనము మోటారుకారును గూర్చి ఆలోచింపగోరుచున్నాము.

కారు సంగతి సంఘ పత్రికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. మడికొండవైపు చూడుడి. ఒకప్పుడు మెట్టుగుట్ట దాపున పొలముల నడుమనున్న పల్లె. ఇప్పుడు వరంగల్లు మహానగర పాలక సంస్థలో కలిసియున్నది. హైదరాబాదు – వరంగల్లు జాతీయ రహదారి ఊరిని ఆనుకొని పోవుచున్నది. భూములకు ధర వచ్చినది, కొందరు అమ్ముకొనిరి. చేతికి సొమ్ము వచ్చిన యింట మొదట వినబడు మాట, "కారెప్పుడు కొందురు?" అని. కొన్నవానిని ఎవరును కారణమడుగరు. కొనగలిగియు కొననివానిని మాత్రము అందరును అడుగుదురు. పిసినిగొట్టని కొందరు, చేతగానివాడని కొందరు చెప్పుకొందురు. ఆదివారమున గుడి ముందర కార్లు వరుసగా నిలిచినప్పుడు, బస్సు దిగి నడచి వచ్చినవారు వెనుక బల్లలలో కూర్చుండుట మన చుట్టుపట్ల సంఘములలో చూచుచునే యున్నాము. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొనినవానిని గూర్చియు, మురికి బట్టలవానిని గూర్చియు వ్రాసెను. ఆ ఉంగరమునకు ఇప్పుడు నాలుగు చక్రములు వచ్చినవి.

గోపురము కట్టించువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను. మనమును ఒకసారి కాగితము తీసికొని కూర్చుందము. ఒక సహోదరుడు కారుకొరకు 6 లక్షల రూపాయలు అప్పు తీసికొనెననుకొనుడి. వడ్డీ నూటికి ఏడాదికి 9½, గడువు 7 సంవత్సరములు. నెలకు కట్టవలసిన వాయిదా ఇంచుమించు 9,800 రూపాయలు. గడువు తీరునాటికి కట్టినది మొత్తము 8 లక్షల 23 వేలకు పైబడును. అనగా వడ్డీయే రెండు లక్షల ఇరువదిమూడు వేలు. ఇందులో పెట్రోలు లేదు, బీమా లేదు, టైర్లు లేవు, మరమ్మతు లేదు. ఆ ఏడేండ్లు గడచునప్పటికి కారు పాతదగును, దాని వెల ఏటేట తరిగిపోవును. అదే ఏడేండ్లలో ఆరవ తరగతి పిల్ల ఇంటరు పూర్తిచేయును. ఆ నెలనెల 9,800 ఏ చదువులోనుండి, ఏ మందులలోనుండి, ఏ కానుకలోనుండి వచ్చుచున్నదో ఆ యింటి తల్లికే బాగుగా తెలియును. పత్తి ధర పడిపోయిన యేట వాయిదా ఆగదు. లెక్క చూచుకొనిన తరువాతకూడ కొనవలెనని తోచినవారు కొనవచ్చును. లెక్కయే చూడక, ఎదురింటివారి కారు చూచి కొనినవారి సంగతియే మాకు బాధ కలిగించుచున్నది.

పెండ్లిండ్ల సంగతి ఇంకను కఠినమైనది. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. అయినను "పిల్లవానికి కారు పెట్టుదురా?" అను మాట మన విశ్వాసుల ఇండ్లలోను వినబడుచున్నది. అడుగువారు దానిని కట్నమనరు, "మీ పిల్ల సుఖముగా తిరుగుటకే" అందురు. ఆ సుఖముకొరకు ఆడపిల్ల తండ్రి అరయెకరము అమ్మును, లేదా అప్పుచేయును. సహోదరులారా, మామగారి పొలముతో వచ్చిన కారును తలుపు దగ్గరనే త్రిప్పి పంపగల పెండ్లికుమారుడు మన యౌవనుల కూటములో ఒక్కడు లేచినను, అది పది ప్రసంగములకు సమానము. ఇశ్రాయేలు రాజే గుఱ్ఱములను విస్తారముగా సంపాదించుకొనరాదని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో ఆజ్ఞ యున్నదే. రాజుకే మితము పెట్టిన దేవుడు పెండ్లికుమారునికి పెట్టడా?

కారు లేనివానికి గౌరవము లేదనువారు డోర్నకల్లును జ్ఞాపకము చేసికొనవలెను. కాజీపేటనుండి విజయవాడ పోవు రైలు మార్గములో అది మనకు దగ్గరిదే. తిరునెల్వేలి సీమనుండి వేదనాయకము సామువేలు అజరయ్యగారు 1909లో అక్కడికి వచ్చి, మన తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనయే. 1945 జనవరి 1న మరణించువరకు ముప్పది రెండు సంవత్సరములు ఆ అధ్యక్షపదవిలో నుండిరి. ఆయన పల్లెలను దర్శించుటకు ఎడ్లబండిమీదను, సైకిలుమీదను తిరిగిరి. ఆ కాలమున పల్లెలకు రోడ్లెక్కడివి, ఆయన కోరి తిరిగెనా అని మీరనవచ్చును. నిజమే, కోరుకొనుటకు ఆయన మాదిరియని మేము చెప్పుటలేదు. ఎడ్లబండిలో వచ్చిన బిషప్పును మన పితరులు తక్కువగా ఎంచలేదని మాత్రమే చెప్పుచున్నాము.

కోరి నడచినవారి మాదిరి కావలెనంటే అదియు మన తెలంగాణలోనే దొరకును. 1951లో హైదరాబాదు దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరుగవలసియుండెను. వినోబా భావేగారు వార్ధా ప్రాంతమునుండి దానికి రావలెను. రైలుండెను, కారులో తీసికొనివచ్చువారును ఉండిరి. ఆయన ఇంచుమించు 300 మైళ్లు నడచి వచ్చిరి. సమ్మేళనమైన తరువాత, నెత్తురు చిందిన పల్లెలగుండ నడువసాగిరి. ఏప్రిలు 18న పోచంపల్లిలో, భూమిలేని హరిజన కుటుంబములవారు తమకు 80 ఎకరములు కావలెనని అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు అక్కడికక్కడే 100 ఎకరములు ఇచ్చిరి. భూదానము అట్లు పుట్టినది. వినోబాగారు కారులో వచ్చియుండిన, పోచంపల్లి ఆయనకు దారిలో కనబడిన ఒక ఊరిపేరు మాత్రమే. నడచుచుండెను గనుక ఆ దినము అక్కడ ఆగెను; ఆగెను గనుక అడుగువారు అడిగిరి.

మన విశ్వాసము లేనివారిలోను ఇట్టివారున్నారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలుమీద పోయెడివారు. మన పొరుగుననున్న ఇల్లెందునుండి ఐదుమారులు శాసనసభకు ఎన్నికైన గుమ్మడి నర్సయ్యగారు బస్సులలోను, సైకిలుమీదను తిరుగుట ఆ ప్రాంతమువారెరుగుదురు. వారి సిద్ధాంతములు వేరు. కాని ప్రజలు వారియొద్దకు పోవుటకు ఎవరి అనుమతియు అక్కరలేకపోయెనని గమనింపవలెను. బస్సులో ప్రక్కన కూర్చున్నవానితో ఎవరైనను మాటలాడవచ్చును గదా!

లూకా 24వ అధ్యాయములో ఎమ్మాయు యెరూషలేమునకు ఆమడ దూరమని మన తెలుగు బైబిలు చెప్పుచున్నది. పునరుత్థానుడైన ప్రభువు ఆ ఇద్దరికి గదిలో కనబడవచ్చును, ఆకాశమునుండి పలుకవచ్చును. కాని వెనుకనుండి వచ్చి వారితోకూడ నడచెను. మోషే మొదలుకొని ప్రవక్తలందరి లేఖనముల భావము చెప్పుటకు ఆమడ నడక సరిపోయినది. కారులో అది పావుగంట. పావుగంటలో మనము ఏమి వినగలము? నడచి పోవువాడు ఎవరి గడపలో రెండు దినములుగా ముగ్గు పడలేదో చూచును. ఏ యింటినుండి దగ్గు వినబడుచున్నదో వినును. అద్దములు ఎత్తుకొని పోవువాడు చెడ్డవాడు కాడు, అతనికి వినబడదు, అంతే.

ఇట్లనుటచేత కారు పాపమని ఎవరును తలంపవలదు. నాలుగైదు ఊళ్ల సంఘములను చూచుకొను పాస్టరుగారికిని, కాలు పనిచేయని సహోదరికిని, రాత్రివేళ కాన్పులకు పోవు నర్సమ్మకును అది దేవుని వరమే. మంచి సమరయుడు గాయపడినవానిని తన వాహనముమీద ఎక్కించుకొని పూటకూళ్ల యింటికి తీసికొనిపోయెను. అతనికి వాహనము లేకపోయినయెడల ఆ కథ వేరుగా ఉండెడిది. ఐతియొపీయుడైన నపుంసకుడు రథములోనే కూర్చుండి యెషయా గ్రంథము చదివెను. ఫిలిప్పు కాలినడకన పరుగెత్తి కలిసికొనగా, అతడు తన రథము ఎక్కి దగ్గర కూర్చుండుమని వేడుకొనెను. కారుగల సహోదరులు ఆ అధికారిని మరువవద్దు. నాలుగు చోట్లుగల కారులో ఒక్కరే గుడికి వచ్చుట మాకు వింతగా తోచుచున్నది.

"అర్ధరాత్రి ప్రాణముమీదికి వచ్చినయెడల ఏమి చేయుదుము?" అని తల్లులు అడుగుదురు. న్యాయమైన భయమే. ఆ భయముకొరకే 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలైనవి. ఆ సంఖ్య ఇంటిలో పిల్లలకు సహితము నేర్పవలెను. ఇక దూర ప్రయాణముల సంగతి. కాజీపేట జంక్షను మడికొండనుండి సైకిలుమీద అరగంట దూరము. అక్కడినుండి సికింద్రాబాదుకు, విజయవాడకు, బల్లార్షాకు మార్గములున్నవి. బస్సులు చూతమన్న, నిజాము రాజ్యములో 1932లో 27 బస్సులతో మొదలైన సర్వీసుయే ఈనాటి మన ఆర్టీసీకి మూలము. 2023 డిసెంబరు 9న తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము మొదలైనప్పటినుండి, మన సహోదరీలు ఎవరి అనుమతికిని, ఎవరి బండికిని ఎదురుచూడక స్త్రీల కూటములకు వచ్చుట చూచుచున్నాము. కారు లేకయే కలిగిన స్వాతంత్ర్యమిది.

నడచుటలో కష్టమున్నది, అపాయమును ఉన్నది. దానిని దాచుట మంచిది కాదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్క చెప్పుచున్నది. వారిలో 32,825 మంది కాలినడకన పోవుచున్నవారు. యెహూ వెఱ్ఱిగా రథము తోలునని కావలివాడు దూరమునుండియే గుర్తుపట్టెను (2 రాజులు 9:20). మన రహదారిమీద అట్టి యెహూలు ఎందరో. గనుక కారు వద్దనుకొనిన కుటుంబమును ఒంటరిగా విడిచిపెట్టి "మీరు ధన్యులు" అని చెప్పిన చాలదు. సంఘము చేయవలసిన పని కలదు.

గృహ ప్రార్థనలను రహదారి దాటనక్కరలేని వాడలలో పెట్టుకొనవచ్చును. కూటముల వేళ నిర్ణయించునప్పుడు పెద్దలు మొదట ఆఖరి బస్సు ఎప్పుడో కనుగొనవలెను. పాస్టరుగారి ప్రసంగము త్రోయలోవలె సాగునని తోచినయెడల, దూరపువారికి అక్కడనే పడక ఏర్పాటు చేయుట మేలు. చీకటిపడిన తరువాత నడచువారు తెల్లని బట్టలు కట్టుకొని, ఫుట్‌పాత్ లేనిచోట కుడిప్రక్కగా, ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు, ఒకరి వెనుక ఒకరుగా నడువవలెను. ముందు ఒకరు, వెనుక ఒకరు టార్చిలైటు పట్టుకొనవలెను. వృద్ధులను ఏ కారులో ఎవరు దింపవలెనో ఆదివారము ఆరాధన ముగియకముందే మాటలాడుకొని, ఆ పేర్లు సంఘ కార్యదర్శిగారికి ఇయ్యవలెను.