మత్స్యపేటికలో హీటరు: తీసికొనవలసిన జాగ్రత్తలు

ప్రశ్న: మా యింటి అక్వేరియంలో హీటరు రాత్రియంతయు ఆగక పనిచేసి, నీరు మితిమీరి వేడెక్కి, చేపలు చనిపోయినవి. మరల ఇట్లు జరుగకుండ ఏమి చేయవలెను? — ఒక పాఠకుడు, తడ

జవాబు: థర్మోస్టాటులో విద్యుత్తును కలుపుచు విడదీయుచు నుండు లోహపు కొనలు, మాటిమాటికి పుట్టెడి నిప్పురవ్వలచే కాలక్రమమున ఒకదానికొకటి అతుకుకొనిపోయిన యెడల, నీరెంత కాగినను ప్రవాహమాగదు, మీ తొట్టిలో సంభవించినది ఇదియే కావచ్చును. వేడినీట ప్రాణవాయువు తక్కువగా కరగుటచే చేపల కష్టము ద్విగుణమగును. పులికాట్ సరస్సు చెంతనున్న మీ తడలో సంవత్సరమున అధికకాలము ఉష్ణమే గనుక, గోల్డ్‌ఫిష్‌కు హీటరే అనావశ్యకము. 28 డిగ్రీల వెచ్చదనము కోరు డిస్కస్ వంటి వానికి మాత్రము మార్గశిర పుష్యమాసముల రాత్రులందు అది అవసరమగును. 100 లీటర్ల తొట్టికి 100 వాట్ల హీటరొకటి పెట్టుటకంటె 50 వాట్లవి రెండు మేలు: ఒకటి ఆగక పనిచేసినను వేడి మితముగ నుండును, ఒకటి చెడినను రెండవది ఆదుకొనును. వెలుపల వేరొక ఉష్ణోగ్రతా నియంత్రకము నమర్చి, థర్మామీటరును ప్రతిదినము చూచుచుండుడు. నీరు మార్చుటకు ముందు ప్లగ్గు తీసి, పావుగంటకు మించి చల్లారనిండు. కాగిన గాజు చన్నీట మునిగినచో పగులును. 30 మిల్లీయాంపియర్ల లీకేజి బ్రేకరు తప్పక పెట్టించుడు; అది యున్నను, ప్లగ్గు తీయనిదే తొట్టిలో చేయి పెట్టకుడు.